తరగతి గదిలో కులం: సాక్ష్యాలే మాట్లాడాలి

కులం గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పే కథకు ఒక వింత వ్యాకరణం ఉంది. అందులో క్రియలుంటాయి, కర్తలు కనిపించరు. పూర్వం అంటరానితనం ఉండేది. కొన్ని వర్గాలను ఊరి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. సంస్కర్తలు దాన్ని ఖండించారు. రాజ్యాంగం దాన్ని రద్దు చేసింది. రానివ్వనిది ఎవరు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో, ఎవరి అండతో అన్న ప్రశ్నలకు ఆ వాక్యాల్లో చోటు లేదు. నాలుగు మార్కుల జవాబుకు సరిపడేంత కులమే పుస్తకంలో మిగులుతుంది. డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పే నాకు ఏటా తొలి వారాల్లో ఎదురయ్యేది ఈ వ్యాకరణమే. తరగతిలో కొందరికి కులం ముగిసిపోయిన గతం. మరికొందరికి అది ఇంటి దగ్గర రోజూ ఎదురయ్యే వర్తమానం. అయినా పరీక్షలో రాయడానికి వీల్లేని విషయం.

ఈ ఇద్దరినీ ఒకే చర్చలో కూర్చోబెట్టగల సాధనం నా అనుభవంలో మూలపత్రమే. ఒక సంఘటన జరిగిన కాలంలో, దానితో సంబంధమున్నవారు రాసిన ఉత్తరం, చేసిన ప్రసంగం, ఇచ్చిన వాంగ్మూలం, ప్రభుత్వ నివేదిక, కోర్టు తీర్పు, రికార్డయిన గొంతు ఇవన్నీ మూలపత్రాలే. ఉపాధ్యాయుడు కులం గురించి తన మాటగా ఏది చెప్పినా విద్యార్థులు ముందుగా వెతికేది ఆయన ఇంటిపేరు. అదే ఒక పత్రాన్ని వాళ్ల చేతికిచ్చి చదవమంటే చర్చ ఆయన కులం మీద నుంచి పత్రంలోని మాటల మీదికి మళ్లుతుంది. దీన్ని రాసింది ఎవరు? ఎవరి కోసం రాశారు? ఏది చెప్పారు, ఏది దాచారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతికే క్రమంలో అభిప్రాయాలు ఆధారాలకు లోబడడం మొదలవుతుంది.

ఈ అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. పాఠ్యపుస్తకం ఏ ఏడాది ఎంత కుదించుకుపోతుందో చెప్పలేం. 2019లో తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకం నుంచి ఎన్‌సీఈఆర్‌టీ తొలగించిన మూడు అధ్యాయాల్లో ఒకటి దుస్తుల సామాజిక చరిత్ర. తిరువాంకూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం చేసిన పోరాటం ఆ అధ్యాయంలోనే ఉండేది. పిల్లల మీద భారం తగ్గించడానికే తీసేశామన్నారు. భారం ఎవరికి తగ్గిందన్న ప్రశ్న అలా ఉంచితే, పుస్తకం నుంచి పేజీ పోయినంత మాత్రాన సాక్ష్యం పోదు. అది ఉన్న చోటు తెలిసిన ఉపాధ్యాయుడు ఉంటే చాలు.

ఒకప్పుడు ఆ చోటుకు చేరడమే పెద్ద పని. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాలయానికో, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కో పరిశోధకుడిగా అనుమతి తీసుకుని వెళ్లాలి. మండల కేంద్రంలోని పంతులుకు, అక్కడి విద్యార్థికి ఆ తలుపులు తెరుచుకునేవి కావు. ఇవాళ ఆ సంపదలో గణనీయమైన భాగం చేతిలోని ఫోన్‌లో ఉచితంగా దొరుకుతోంది. ఏది ఎక్కడుందో, దానితో తరగతిలో ఏం చేయవచ్చో కొన్ని ఉదాహరణలతో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట అంబేద్కర్. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వెలువరించిన ఆయన రచనలు, ప్రసంగాల ఇంగ్లీషు సంపుటాలు భారత విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఎవరైనా దించుకోవచ్చు. పాఠశాల స్థాయిలో మొదలుపెట్టదగినది పన్నెండో సంపుటంలోని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. చిన్నప్పుడు తండ్రిని చూడడానికి అన్నతో కలిసి చేసిన ప్రయాణంలో నీళ్లు దొరకని రాత్రి, విదేశీ చదువు ముగించుకుని వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరినప్పుడు తలదాచుకోవడానికి చోటు దొరకని రోజు అందులో ఉన్నాయి. వాక్యాలు చిన్నవి, భాష తేలిక. బండివాడు, స్టేషన్ మాస్టరు, సత్రం యజమాని వంటి మనుషులు తమ పనులతో సహా కనిపిస్తారు. పాఠ్యపుస్తకం దాచిన కర్తలు అక్కడ ఒక్కొక్కరుగా బయటికి వస్తారు.

డిగ్రీ స్థాయికి 'కుల నిర్మూలన' ఉంది. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ వార్షిక సభకు అధ్యక్షోపన్యాసంగా రాసిన ఈ రచనను అంబేద్కర్ ఆ సభలో చదవనేలేదు. ప్రసంగంలోని కొన్ని భాగాలు తీసేయాలని నిర్వాహకులు కోరారు, ఆయన ఒప్పుకోలేదు, సభ రద్దయింది, ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. ఈ వ్యవహారంలో నడిచిన ఉత్తరాలు, ఆ తర్వాత 'హరిజన్'లో గాంధీ రాసిన విమర్శ, దానికి అంబేద్కర్ ఇచ్చిన జవాబు అన్నీ అదే పుస్తకంలో చేరాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సెస్ ప్రిచెట్ ఈ గ్రంథాన్ని వివరణలతో, విభాగాలుగా, తరగతిలో వాడుకునే రూపంలో ఇంటర్నెట్‌లో ఉంచారు. నా తరగతిలో విద్యార్థులను నాలుగు జట్లుగా విడదీసి నిర్వాహకుల ఉత్తరాలు ఒక జట్టుకు, ప్రసంగంలోని భాగాలు ఒకదానికి, గాంధీ విమర్శ ఒకదానికి, అంబేద్కర్ జవాబు మరొకదానికి ఇస్తాను. కులాన్ని తెంచాలని పేరు పెట్టుకున్న సంస్థ ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందన్నది వాళ్లే కనిపెట్టాలి. సంస్కరణకు, నిర్మూలనకు మధ్య గీత ఎక్కడుందో ఉపన్యాసం లేకుండానే వాళ్లకు అందుతుంది.

ఇక గొంతు విషయం. అంబేద్కర్ 1955లో బీబీసీకి ఇచ్చిన ఇంటర్వ్యూ ధ్వనిముద్రణ యూట్యూబ్‌లో దొరుకుతుంది. గాంధీ ఇంగ్లీషు పత్రికలో కులానికి వ్యతిరేకిగా కనిపిస్తూ, గుజరాతీ పత్రికలో సనాతన భావాలతో రాశారన్నది అందులో ఆయన చేసిన తీవ్రమైన ఆరోపణ. సామాజిక మాధ్యమాల్లో ఈ ముక్కను ఒక పక్షం గాంధీని కొట్టడానికి, మరో పక్షం అంబేద్కర్‌ను తప్పుపట్టడానికి వాడుకుంటాయి. తరగతి చేయవలసిన పని వేరు. సబర్మతి ఆశ్రమం నిర్వహించే గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో గాంధీ సమగ్ర రచనల నూరు సంపుటాలతో పాటు యంగ్ ఇండియా, నవజీవన్, హరిజన్, హరిజన్‌బంధు పత్రికల సంచికలు ఉన్నాయి. ఆరోపణ ఒక తెరలో, పత్రికలు మరో తెరలో. గుజరాతీ రాని విద్యార్థి కూడా సమగ్ర రచనల్లోని ఇంగ్లీషు అనువాదాల్లో వర్ణం, కులం, సహపంక్తి భోజనం, కులాంతర వివాహం గురించి 1920లలో గాంధీ ఏమన్నారో, 1940లలో ఏమన్నారో తేదీలవారీగా పట్టిక వేయగలడు. నాయకుల మీద భక్తి, ద్వేషం రెండూ ఈ పట్టిక ముందు కాస్త వెనక్కి తగ్గుతాయి. అంబేద్కర్ పేరుతో, గాంధీ పేరుతో వాట్సాప్‌లో తిరిగే మాటల్లో ఏది వారిదో, ఏది కల్పితమో తేల్చుకునే అలవాటు కూడా ఇక్కడే పట్టుబడుతుంది. రాజకీయాల్లోకి వెళ్లదలచిన విద్యార్థికి ఇంతకు మించిన శిక్షణ లేదు.

రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసిందన్న వాక్యం వెనక కూడా ఒక రోజంతటి చరిత్ర ఉంది. నేటి 17వ అధికరణ ముసాయిదాలో 11వ అధికరణ. రాజ్యాంగ సభలో అది చర్చకు వచ్చి ఆమోదం పొందిన తేదీ 1948 నవంబర్ 29. సభ చర్చలు పార్లమెంటు వెబ్‌సైట్‌లోనూ, తేదీ, అధికరణ, సభ్యుల వారీగా వెతుక్కునే వీలుతో కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియా అన్న వెబ్‌సైట్‌లోనూ ఉన్నాయి. ఆ రోజు అంటరానితనం అన్న మాటకు నిర్వచనం లేదని కె.టి. షా ఎత్తిచూపారు. మతం లేదా కులం కారణంగా అన్న మాటలు చేర్చాలని నజీరుద్దీన్ అహ్మద్ సవరణ తెచ్చారు, అది వీగిపోయింది. సభలో ఏకైక దళిత మహిళ దాక్షాయణి వేలాయుధన్ మాట్లాడుతూ, రాజ్యాంగం పనిచేయడమన్నది చట్టం అమలు కంటే రేపటి ప్రజల నడవడిక మీదే ఆధారపడుతుందన్నారు. నిర్వచనం లేకపోవడం లోపమా, లేక అంటరానితనానికి ఏ రూపమొచ్చినా పట్టుకోవడానికి విడిచిన వెసులుబాటా? ఈ ప్రశ్నతో రెండు పీరియడ్లు నడుస్తాయి. రెండు గ్లాసుల పద్ధతి గురించి, అద్దె ఇంటి కోసం వెళ్లినప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న గురించి విద్యార్థులే ప్రస్తావిస్తారు.

తెలుగు నేలకు సంబంధించిన పత్రాలూ తక్కువేమీ కాదు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో రంగాచారి సహాయంతో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల ఏడు సంపుటాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. నిజాం రాజ్యానికి సంబంధించి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో తెచ్చిన గ్రంథమూ ఉంది. థర్‌స్టన్ మనుషుల ముక్కులు, తలలు కొలిచాడు. ఎవరి గురించి రాశాడో వాళ్లు కొలతల్లో, ఆచారాల వర్ణనల్లో కనిపిస్తారే తప్ప మాట్లాడేవారిగా కనిపించరు. విద్యార్థి తన కులం పేరు వెతికి, అక్కడ రాసినదే సత్యమనుకునే ప్రమాదం ఈ పుస్తకాలతో ఎప్పుడూ ఉంటుంది. అందుకే వాటి పక్కన ఆ మనుషులే తమ గురించి చెప్పుకున్న పత్రాన్ని ఉంచాలి. 1917 నవంబర్‌లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములన్న పేరును తిరస్కరించి ఆది ఆంధ్రులన్న పేరును స్వీకరించింది. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా తీర్మానంతో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లకు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. 1931 జనగణనలో నిజాం రాష్ట్ర పట్టికల్లో ఆది హిందువులన్న పద్దు చేరింది. ఒక సభలో పలికిన పేరు పద్నాలుగేళ్లలో ప్రభుత్వ పట్టికల దాకా ఎలా వెళ్లిందో జనగణన నివేదికల్లో చదవవచ్చు. రాబోయే జనగణనలో కుల వివరాలు సేకరిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. తమను ఏ పేరుతో లెక్కించాలో ప్రజలు పోరాడి సాధించుకున్నారని తెలిసిన విద్యార్థికి ఆ లెక్క వట్టి అంకెల పట్టికగా కనిపించదు.

పాడ్‌కాస్ట్‌లను కూడా ఈ వరుసలోనే చూడాలి. అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. నేటి వక్త గతాన్ని వివరించే కార్యక్రమం వ్యాఖ్యానం. గతంలోని మనిషి గొంతు మూలాధారం. మొదటిది రెండోదానికి దారి చూపాలి. సునీల్ ఖిల్నాని బీబీసీ రేడియో కోసం చేసిన 'ఇన్‌కార్నేషన్స్' శ్రేణిలో ఫూలే, పెరియార్, అంబేద్కర్‌ల మీద పావుగంట చొప్పున భాగాలున్నాయి. ఫూలే భాగాన్ని వినిపించి అక్కడితో ఆపేస్తే అది కాలక్షేపం. విన్నాక 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు ఫూలే సమర్పించిన వాంగ్మూలాన్ని చదివిస్తే పాఠం. రైతుల చెమటతో వచ్చిన రాబడి పై కులాల ఉన్నత చదువులకు ఖర్చవుతోందని, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు సాధ్యమైనంతవరకు సేద్యం చేసే కులాల నుంచి రావాలని ఆయన అందులో కోరారు. విద్యా ప్రైవేటీకరణ మీద, ఉపాధ్యాయ నియామకాల మీద మాట్లాడే విద్యార్థి సంఘాల కార్యకర్తలు ఈ వాంగ్మూలాన్ని ఒక్కసారైనా పూర్తిగా చదవాలి.

వినదగిన మూలాధారాలు ఇంకా ఉన్నాయి. పాలగుమ్మి సాయినాథ్ స్థాపించిన పరి వెబ్‌సైట్‌లో మహారాష్ట్ర స్త్రీలు విసుర్రాయి తిప్పుతూ పాడిన లక్షకు పైగా పాటల భాండారం ఉంది. వాటిలో దళిత స్త్రీలు అంబేద్కర్ మీద అల్లుకున్న పాటలున్నాయి. పరి కథనాలు తెలుగులోనూ చదవవచ్చు. దళిత్ కెమెరా యూట్యూబ్ వేదిక మీద ఉద్యమకారుల సుదీర్ఘ సంభాషణలున్నాయి. 2022 సెప్టెంబర్ నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. ఎస్సీ వర్గీకరణపై ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఫిబ్రవరిలో జరిపిన వాదనలను అలా ఎవరైనా వినగలిగారు. ఆ ఏడాది ఆగస్టు 1న వచ్చిన తీర్పులో ఆరు వేర్వేరు అభిప్రాయాలున్నాయి. అందులో ఒకటి అసమ్మతి. మాల, మాదిగ విద్యార్థులు ఒకే బెంచీ మీద కూర్చునే మన తరగతుల్లో ఈ అంశాన్ని దాటవేయడం కంటే, 2004 నాటి చిన్నయ్య కేసు తీర్పును, 2024 తీర్పును పక్కపక్కన పెట్టి చదివించడం మేలు. నినాదాల స్థాయిలో తెగని వాదన వాక్యాల స్థాయికి దిగితే కనీసం ఎక్కడ విభేదిస్తున్నామో స్పష్టమవుతుంది.

చుండూరు గురించి కూడా ఇదే చెబుతాను. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, మరో 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఒకే సంఘటన, రెండు న్యాయస్థానాలు, రెండు ముగింపులు. ఉన్నత న్యాయస్థానాల తీర్పులు ఇండియన్ కానూన్ వంటి వెబ్‌సైట్‌లలో ఉచితంగా చదవవచ్చు. ఎవరి సాక్ష్యాన్ని నమ్మారు, ఎవరి సాక్ష్యాన్ని ఏ కారణంతో పక్కన పెట్టారు అని గుర్తించడం చరిత్ర విద్యార్థికీ, న్యాయశాస్త్ర విద్యార్థికీ సమానంగా అవసరమైన అభ్యాసం.

ఈ పనిలో ఉపాధ్యాయుడు కొన్ని హద్దులు పాటించాలి. తరగతిలో ఎవరి కులమూ అడగకూడదు. దళిత విద్యార్థిని లేపి నీ అనుభవం చెప్పమనకూడదు. అతడు పాఠం వినడానికి వచ్చాడు, పాఠంగా మారడానికి కాదు. అవమానాన్ని నమోదు చేసిన ప్రతి పత్రం పక్కన ప్రతిఘటనను నమోదు చేసిన మరో పత్రం ఉండాలి. దాహంతో గడిచిన రాత్రిని చదివించిన వారంలోనే 1927 మార్చిలో మహద్ చెరువులో వేలమంది నీళ్లు తాగిన రోజునూ చదివించాలి. పీడితుల మాటలు మాత్రమే చదివిస్తే కులం వారి సమస్యగానే మిగిలిపోతుంది. లాహోర్ నిర్వాహకుల ఉత్తరాలు, థర్‌స్టన్ సంపుటాలు వంటి ఆధిపత్యం స్వయంగా రాసుకున్న పత్రాలను కూడా ప్రశ్నించడం నేర్పాలి.

భాష అడ్డంకి నిజమైనదే. పైన చెప్పిన వాటిలో అధిక భాగం ఇంగ్లీషులో ఉంది. మన విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగులో ఆలోచించేవారు. నేను వారానికొక పేజీని తరగతితో కలిసి తెలుగు చేస్తాను. డిప్రెస్డ్ క్లాసెస్ అన్న మాటను అణగారిన వర్గాలు అనాలా, అణచివేతకు గురైన వర్గాలు అనాలా అన్న దగ్గర ఒకసారి పీరియడంతా గడిచిపోయింది. అణగారడం దానంతటదే జరిగినట్టుంటుందని, అణచివేత అంటే అణచినవాడు ఎవరని అడగాల్సి వస్తుందని విద్యార్థులే తేల్చారు.

కానీ ఇది ఒక్కొక్క పంతులు ఓపిక మీద వదిలేయవలసిన పని కాదు. 'కుల నిర్మూలన'ను బోయి భీమన్న ఏనాడో తెలుగు చేశారు. అంబేద్కర్ రచనల తెలుగు సంపుటాలను తెలుగు విశ్వవిద్యాలయం ప్రచురించింది. వీటన్నింటినీ పదంతో వెతుక్కునే రూపంలో, ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచడం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు భారమేమీ కాదు. భాగ్యరెడ్డి వర్మ నడిపిన 'భాగ్యనగర్', కుసుమ ధర్మన్న నడిపిన 'జయభేరి' వంటి పత్రికల సంచికలను ఎక్కడ మిగిలి ఉంటే అక్కడి నుంచి సేకరించి అందరికీ తెరవాలి. ఏ పత్రికను భద్రపరచాలో, దేన్ని చెదలకు వదలాలో నిర్ణయించడంలోనూ కులం పనిచేస్తుంది. ఉపాధ్యాయ శిక్షణలో మూలపత్రాలతో బోధించడం ఒక అంశంగా చేరాలి.

ప్రభుత్వాల కోసం ఆగకుండా కళాశాలలు చేయగలిగినదీ ఉంది. గోగు శ్యామల రాసిన టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ 'నేనే బలాన్ని'కి, అమెరికాలో స్థిరపడిన సుజాత గిడ్ల 2017లో వెలువరించిన ఇంగ్లీషు పుస్తకం 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'కు పునాది మౌఖిక జ్ఞాపకాలే. సుజాత గిడ్ల తన తల్లితో, మేనమామ కె.జి. సత్యమూర్తితో జరిపిన సంభాషణల నుంచి ఆ పుస్తకం పుట్టింది. ప్రతి ఊళ్లోనూ అలాంటి జ్ఞాపకాలున్న పెద్దలున్నారు. వారి అనుమతితో, వారు వద్దన్న మాట తీసేసి, తేదీ, ఊరి పేరు రాసి పెట్టుకుంటూ ఒక గంట మాటలను ఫోన్‌లో రికార్డు చేయడం విద్యార్థులకు సాధ్యమే. తెలుగులో కులం మీద వినదగిన పాడ్‌కాస్ట్ అక్కడి నుంచే మొదలుకావాలి. ఊరి బావి ఎవరిది, ఎవరిని రానివ్వలేదు, రానివ్వనిది ఎవరు అన్న ప్రశ్నలకు పేర్లతో, తేదీలతో జవాబు చెప్పగల తరం ఇంకా మన మధ్యనే ఉంది. ఆ తరం వెళ్లిపోకముందే అడగాలి.